టైపు సారు వేసిన అంచు

మా టైపు సారు పోయారని నాకు మనుషులెవరూ చెప్పలేదు, పేపరు చెప్పింది. భూపాలపల్లి గనుల ఆఫీసులో మధ్యాహ్నం అన్నం డబ్బా కింద పరుచుకుందామని తీసిన జిల్లా పేజీలో, ఎరువుల ప్రకటన పక్కన ఇరుక్కుని ఉంది ఆ వార్త. జనగామలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన తెలంగాణ ఉద్యమకారుడు మృతి అని రాశారు. ఆయన మరణం తీరని లోటని మానుకోట నాయకుడొకాయన సంతాపం కూడా తెలిపాడట. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. ఆ సంతాపం చదివాక నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఎందుకు మండిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి ముక్కలు రాసి ఊరుకోవాలంటారు. సారు గురించి మంచి ముక్కలకు కొదవ లేదు. కానీ వాటి పక్కనున్న సంగతులు వదిలేసి రాయడం నా వల్ల కాదు.

"ఏమైందక్కా, దగ్గరోళ్లా?" అని పక్క సీటు అమ్మాయి అడిగింది.

"నా వేళ్లకింత పని నేర్పినాయన. గీ కుర్చీల కూసున్ననంటె ఆయన దయ" అన్నాను. డబ్బా మూత తీయకుండానే సంచిలో పెట్టేశాను.

మాది లింగాల ఘనపూర్. అరవై తొమ్మిది ఉద్యమంలో కాలేజీలు మూతపడి చదువు చెడిన తరం మాది. మళ్లీ తెరిచేసరికి మా బాపుకు నన్ను చదివించే ఉత్సాహం పోయింది. "టైపన్న నేర్సుకో, యాడనన్న కూసోబెడ్తరు" అన్నాడు. మా కొలువులు మాకే కావాలని రోడ్ల మీద గొంతు చించుకున్న పిల్లలంతా, ఆ గొంతులు ఎవరికీ వినబడవని తెలిశాక, ఒక్కొక్కరే సారు దగ్గరికి వచ్చారు. జనగామ స్టేషను రోడ్డులో రేకుల గది, అందులో వరసగా పాత తెలుగు మిషన్లు. వానాకాలం రేకుల మీద వాన చప్పుడును మా చప్పుడుతో ఓడించాలని పంతం పట్టి కొట్టేవాళ్లం. ఓడిపోయేది మేమే.

సారు మీటల మీద ఉన్న అక్షరాలన్నిటికీ నల్లరంగు పూసేశారు. వేలికి గుర్తుండాలి తప్ప కంటికి కాదు. ఎవరైనా తల దించితే, "మీట దిక్కు సూడకు బిడ్డా, అది నిన్ను సూసి నవ్వుతది" అనేవారు. తెలుగు మిషన్‌లో కొన్ని మీటలు కొడితే కాగితం మోసే బండి కదలదు. ముందు గుడి కొట్టాలి, తర్వాత అక్షరం కొడితే అది వచ్చి గుడి కింద నిలబడుతుంది. దాన్నాయన ఇల్లు కట్టడంతో పోల్చి చెప్పేవారు. "ముందుగాల కప్పెయ్యాలె, అటెన్క మనిషిని లోపటికి తోలాలె." అది ఎంత ఒంటబట్టిందంటే, చేత్తో కిరాణా చీటీ రాసినా ముందు గుడి గీసి, తర్వాత దాని కింద అక్షరం పెట్టేవారు. కొట్టు సేటు ఆ చీటీ చూసి రోజూ నవ్వేవాడు.

ఆయన వేళ్లు ఊరికే ఉండేవి కావు. ఎవరేం మాట్లాడినా ఆ మాటలు మోకాలి మీద టైపు అయిపోయేవి. దాన్నే మాకు ఆటగా పెట్టారు. ఉత్త బల్ల మీద వేళ్లు ఆడించేవారు, ఏ వేలు ఎటు పోయిందో చూసి మేం చదవాలి. "చాయ్ తెప్పియ్యుర్రి" అనో, "వెనుక బెంచీల నిద్ర పోతున్నరు" అనో ఉండేది. ముందు చదివినవాళ్లకు సారు చాయ్‌లో సగం. సారు భార్యను మేమంతా అమ్మ అనేవాళ్లం. ఆమెకు ఈ ఆట అంటే ఒళ్లుమంట. "మీకంటె సదువొస్తది బిడ్డా. నాకు నోటితోని చెప్పుమను. కూరల ఉప్పు తక్కువైతె పీట మీద టకటక కొడ్తడు, నేనేం సమజ్ చేసుకోవాలె?" అనేది.

మా యాస గురించి ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ అక్కరకొస్తుంది. ఆఫీసుల్లో మేం నోరు తెరిస్తే నవ్వేవాళ్లుంటారని మా భయం. "మన మాటకు నవ్వెటోళ్లు ఉంటరు. టైపుకు యాస ఉంటదా? కాయితం మీద నవ్వుమను సూద్దాం" అనేవారు. ఇంకో మాట కూడా చెప్పేవారు, అది మాత్రం నాకు మింగుడుపడలేదు. "రాసినోని తప్పు రాసినోనిది. ఇచ్చింది ఇచ్చినట్టు కొట్టుడే మన పని." ఆ మాట ఆయన్ను ఎంత దూరం తీసుకుపోయిందో ముందు ముందు చెబుతాను.

అన్నిటికన్నా ముఖ్యం అంచు. సారు వాళ్ల నాయిన మగ్గం నేసిన మనిషి. బట్ట ఎంత నేసినా అంచు పడితేనే అది చీర అయ్యేదట. సారు మగ్గం వదిలేసి మిషన్ పట్టారు గానీ ఆ అలవాటు వదలలేదు. పేజీ పూర్తయ్యాక, చివర కొంచెం జాగా వదిలి, నడిమధ్యలో ఒక చిన్న వరస కొట్టేవారు. గీత, చుక్క, సున్న, చుక్క, గీత. అది లేని పేజీని చేతిలోకి కూడా తీసుకునేవారు కాదు. "అంచేది?" అని వెనక్కి తోసేవారు. జనగామలో నేర్చుకున్నవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా, ఆ వరస చూస్తే మనవాళ్లేనని తెలిసిపోయేది.

ఆ అంచే ఆయన కొలువు తీసింది.

జనగామలో గది పెట్టకముందు, ఉద్యమం రోజుల్లో సారు మానుకోటలో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టు. ఓ సాయంత్రం విద్యార్థి నాయకుడొకడు చేత్తో రాసిన కరపత్రం తెచ్చాడు. చక్రం తిప్పి కాపీలు తీసే మిషన్ వాళ్ల దగ్గర ఉంది, దానికి మైనం కాగితం మీద టైపు కొట్టి ఇచ్చే మనిషి లేడు. "పేరొద్దు, ఊరొద్దు. ఎవలు కొట్టిన్రో ఎవలకు తెల్వద్దు సారూ" అని చెప్పి మరీ ఇచ్చాడు. సారు పేరు కొట్టలేదు, ఊరు కొట్టలేదు. ఆఫీసు మిషన్ మీదే ఒక్క అక్షరం తప్పు లేకుండా పూర్తి చేసి, కింద అంచు వేశారు.

అది కావాలని చేసిన పని కాదు. అన్నం తిన్నాక చెయ్యి కడుక్కున్నట్టు చేసేశారు. కరపత్రం ఊరంతా పంచారు, ఒకటి ఆఫీసరు బల్ల మీదికీ వచ్చింది. ఆయన దాన్నీ, ఆఫీసు ఫైల్లోని కాగితాన్నీ పక్కపక్కన పెట్టి సారును పిలిచాడు.

"కొట్టింది నువ్వేనా?"

"అంచు నాదే సార్" అన్నారట సారు.

ఈ సంగతి మాకు ఎన్నోసార్లు చెప్పారు, చెప్పిన ప్రతిసారీ పొట్ట పట్టుకుని నవ్వేవారు. పిల్లలంతా నవ్వేవాళ్లు. నేను మాత్రం నవ్వలేకపోయాను. తర్వాత ఉద్యమం చల్లారింది. సమ్మె కట్టి ఆఫీసులకు తాళాలు వేసినవాళ్లను కూడా మళ్లీ కొలువుల్లోకి తీసుకున్నారు. సారును తీసుకోలేదు. వాళ్లు పని మానేశారు, ఈయన పని చేశారు. మానేసినవాళ్లకు మాఫీ దొరికింది, చేసినవాడికి దొరకలేదు. సర్కారు యంత్రాన్ని దుర్వినియోగం చేశాడని ఆయన కాగితాల్లో రాసిపెట్టారు.

ఆయన్ను కాల్చింది ఆ ముక్కే. "నౌకరి ఇయ్యకున్నా నడుస్తది బిడ్డా. మిషన్ను దుర్వినియోగం చేసిండని రాసిన్రు గదా, గా ముక్క కొట్టెయ్యాలె. నేను మిషన్ను ఖరాబు చేస్తనా? నువ్వే చెప్పు" అనేవారు. నవ్వుతూ చెప్పే మనిషి అక్కడికి వచ్చేసరికి నవ్వేవారు కాదు.

అందుకని అర్జీలు పెట్టేవారు. అవి పెట్టే తీరు లోకంలో ఇంకెక్కడా ఉండదు. లోయరు పరీక్ష దాటి హయ్యరుకు చదివే పిల్లలకు రోజూ వేగం కోసం కొట్టించే పాఠం ఆయన సొంత అర్జీయే. "ఆర్యా, సవినయంగా తమకు విన్నవించుకొనునది ఏమనగా" అని మొదలయ్యేది. పొద్దున బ్యాచి, సాయంత్రం బ్యాచి, అందరి మిషన్లలోనూ అదే. ఎవరి కాపీలో తప్పు లేకపోతే దాని మీద సారు సంతకం చేసి హైదరాబాదుకు పోస్టు చేసేవారు. వేరే పాఠం ఇయ్యండి సార్ అని ఓసారి నేనే అడిగాను. "గింత మంచి పాఠం యాడ దొరుకుతది? దీంట్ల అన్ని ఒత్తులున్నయి" అన్నారు. మా వేళ్లకు మా పేరు కన్నా ఆ మొదటి వాక్యం బాగా వచ్చు.

అందరికన్నా శుభ్రంగా కొట్టేవాడు నర్మెట్ట నుంచి సైకిలు మీద వచ్చే తమ్ముడొకడు. వయసులో నాకన్నా కొంచెం చిన్న, మాట తక్కువ. హైదరాబాదుకు పోయిన అర్జీల్లో ఎక్కువ భాగం అతని చేతివే. పరీక్షలకు మా మిషన్లు మేమే మోసుకుపోవాలి, ఒక మిషన్ అలవాటైన వేలికి ఇంకోటి లొంగదు. వరంగల్లు ప్యాసింజరులో సారు ఆ తమ్ముడి మిషన్‌ను అమ్మ పాత చీరలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"ఏంది సారూ, హార్మోనియమా? ఒక పాటందుకోరాదు!" అని ఎవరో ఆటపట్టించారు.

"మావోడు రేపు వాయిస్తడు. వరంగల్ల ఇనొచ్చు" అన్నారు సారు.

ఆ పరీక్షలో అతనికి ఫస్టు క్లాసు వచ్చింది. తర్వాత హైదరాబాదులో, సారు అర్జీలు చేరే ఆఫీసులోనే కొలువు కూడా వచ్చింది. ఆ రోజు సారు పేటంతా పేడాలు పంచారు. "మనోడు లోపట ఉన్నడు. ఇగ మన కాయితం కదుల్తది" అని అమ్మతో అన్నారు. అమ్మ నమ్మింది. దాపరికమెందుకు, నేనూ నమ్మాను.

ఈలోగా ఆ కరపత్రం రాసిన విద్యార్థి నాయకుడు పెద్ద నాయకుడయ్యాడు. మానుకోటలో మేడ, ముందర జీపు. కరపత్రం రాసింది తనేనని, సారు ఉత్తగా టైపు కొట్టి ఇచ్చాడని అతనొక్కమాట రాసిస్తే పని అవుతుందని ఎవరో సలహా చెప్పారు. ఇంటికి పోతే కలవనివ్వలేదు. కురవిలో మా అక్క వాళ్ల ఇల్లు ఉంది, జాతరకు నాయకుడు వీరభద్రస్వామి గుడికి వస్తున్నాడని అక్కే కబురు చేసింది. సారుతో నేనూ పోయాను. గుడి మెట్ల దగ్గర, కొబ్బరికాయ కొట్టి దిగుతుంటే సారు ఎదురు పోయి దండం పెట్టారు.

"గా కరపత్రం కొట్టిచ్చిన టైపు సారును. యాదికున్ననా?"

నాయకుడు ఆయన ముఖం వంక చూశాడు, చొక్కా వంక చూశాడు. "శానమంది శానా జేసిన్రు అన్నా అప్పుడు. అందర్ని యాది పెట్టుకుంటమా?" అని, కొబ్బరిచిప్ప ముక్క ఒకటి సారు చేతిలో పెట్టి జీపెక్కాడు.

తిరుగు బస్సులో సారు ఆ కొబ్బరిముక్క తినలేదు, పారేయలేదు. ఇంటికి తీసుకుపోయి అమ్మకు ప్రసాదమని ఇచ్చారు. పేపర్లో తీరని లోటు అన్నది ఈ నాయకుడే.

నాకు కొలువు రాకముందు కొన్నాళ్లు సారు దగ్గరే కొత్త పిల్లలకు నేర్పేదాన్ని. ఆ రోజుల్లోనే హైదరాబాదు నుంచి జవాబు వచ్చింది. అన్నేళ్లలో అదే మొదటి జవాబు. పోస్టుమ్యాన్ కవరు ఇస్తుంటేనే అమ్మ లోపలి నుంచి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మిషన్లన్నీ ఆగిపోయాయి. సారు కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. కాగితం నాకిచ్చారు. అర్జీని పరిశీలించడమైనది. యంత్ర దుర్వినియోగం రుజువైనందున అంగీకరించుటకు వీలుపడదని తెలియజేయడమైనది. ఇకపై ఈ విషయమై ఉత్తరప్రత్యుత్తరాలు జరపబడవు. అంతే. ఎవరు పరిశీలించారో, ఎవరికి వీలుపడలేదో ఒక్క మనిషి పేరు లేదు అందులో.

కింద, కొంచెం జాగా వదిలి, నడిమధ్యలో ఉంది. గీత, చుక్క, సున్న, చుక్క, గీత.

సారు నా చేతిలోంచి కాగితం మళ్లీ తీసుకున్నారు. ఆ వరసను గోరుతో మెల్లగా నిమిరారు. పక్క మార్జిన్లు చూశారు, వెలుగుకు ఎత్తి పట్టి చూశారు. ఆయన ముఖంలో నవ్వు కనబడేసరికి నాకు మతిపోయింది.

"మన నర్మెట్టోడే కొట్టిండు" అన్నారు. "సూడు, ఒక్క తప్పు లేదు."

"సార్, గండ్ల ఏమున్నదో సదివిన్రా మీరు?"

"సదివిన బిడ్డా."

"సదివి నవ్వుతున్రా? ఆని చెయ్యెట్లాడింది సార్? గీ గదిల కూసొని మీ అర్జీ కొట్టినోడు! మీ చాయ్ తాగినోడు!"

"ఆనిదేమున్నది? ఇచ్చింది కొట్టుడే గదా టైపిస్టు పని. గదే గదా నేను నేర్పింది" అన్నారు. ఆ మాటకు నేనేమన్నానో ఇప్పటికీ నాకు బాగా గుర్తుంది. "మీరు గూడ ఇచ్చిందే కొట్టిన్రు కదా సార్. మరి మీకెందుకు శిక్ష?" అన్నాను. సారు కాగితాన్ని మడిచి మళ్లీ కవరులో పెట్టారు. అమ్మ లోపలికి వెళ్లిపోయింది. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చింది. వెనుక బెంచీలో ఉన్న కొత్త పిల్ల ఒకతె, ఏం జరిగిందో తెలియక, "సార్, నా పేజీ అయింది. అంచు ఎయ్యాల్నా?" అని అడిగింది.

"ఎయ్యి బిడ్డా. ఎయ్యకుంటె ఎట్ల?" అన్నారు.

నేను ఆ రోజు నుంచి అంచు వేయడం మానేశాను. నాలుగు రోజులు సారుతో మాట్లాడలేదు కూడా. నా కోపం న్యాయమైనదనే ఇప్పటికీ అనుకుంటాను. ఎవరిమీదా కోపం తెచ్చుకోకపోవడం గొప్పతనమని మనవాళ్లు మురిసిపోతారు. ఆ గొప్పతనం వల్ల నాయకుడు హాయిగా ఉన్నాడు, ఆఫీసరు హాయిగా ఉన్నాడు. మా సారొక్కరే లోపల్లోపల అరిగిపోయారు. ఇక జవాబు రాదని కాగితం మీద ఉన్నా అర్జీ పాఠం మార్చలేదు. తప్పులేని కాపీ మీద సంతకం చేయడమూ మానలేదు. నాకు గనుల ఆఫీసులో కొలువు వచ్చి పోతుంటే మాత్రం, "నీ పేజీలకు అంచు లేదట గదా" అని ఒక్క మాట అన్నారు. ఎవరు చెప్పారో తెలియదు. నేను నేల చూపులు చూశాను.

పేపరు చదివిన వారంలోనే సారు కర్మ ఉంటే జనగామకు పోయాను. రేకుల గదిలో మిషన్లన్నిటి మీదా గుడ్డలు కప్పి ఉన్నాయి. నాయకుడు పంపిన పెద్ద పూలదండ ఫోటోకు పట్టక కుర్చీకి వేలాడదీశారు. గోడవార బెంచీ మీద నర్మెట్ట తమ్ముడు కూర్చుని ఉన్నాడు, సగం జుట్టు నెరిసింది. నన్ను చూసి లేచాడు. అన్నేళ్లు దాచుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి.

"నీకు ఆ కాయితం కొట్టబుద్ధి ఎట్లయిందిరా?" అని అందరి ముందే అడిగేశాను.

అతను తల దించుకోలేదు. "నా ముంగటికే వచ్చిందక్కా. నేను కొట్టిన అర్జీకి నేనే జవాబు కొట్టిన. కొట్టనంటె ఇంకొకడు కొడ్తడు. సర్కారు కాయితానికి గీ సోకులేందని మా సెక్షన్ల తిట్టిన్రు. అయినా అంచేసిన. వేరెటోని చేతుల పడలేదని సారుకు తెల్వాలె అనుకున్న."

"తెలిసి ఏం జేసుకోవాలెరా ఆయన?"

నాకు అతని మీద జాలి కలగలేదు. ఇద్దరి మధ్యా అమ్మ వచ్చి కూర్చుంది. "ఆన్ని అనకు బిడ్డా. పట్నం దవాఖానల ఆఖరుదాక ఉన్నది గీ తమ్ముడే" అంది. సారుకు మాట పడిపోయాక హైదరాబాదుకు తీసుకుపోయారట. మాట లేదు గానీ వేళ్లు మాత్రం దుప్పటి మీద ఆడుతూనే ఉన్నాయట. "జొరానికి గట్ల గుంజుకుంటున్నయేమో అనుకున్న. పట్టుకుంటె ఇడిపించుకునెటోడు. ఏం కొడుతున్నవయ్యా అంటె నా దిక్కు సూసెటోడు. నాకు సదువొస్తదా? నాకేమన్న చెప్పిండేమో తమ్మీ, జర చెప్పరాదు" అని అతని చెయ్యి పట్టుకుంది. ఇంతకుముందు కూడా అడిగినట్టుంది, అతను చెప్పినట్టు లేదు.

అతను నా వంక చూశాడు. భుజం మీది తువ్వాల తీసి మోకాళ్ల మీద పరిచాడు. దాని మీద వేళ్లు పెట్టి, సారు ఆడించినట్టే, మెల్లగా ఆడించాడు. నాకు చదవడానికి కష్టపడే అవసరం రాలేదు. ఆర్యా. సవినయంగా. తమకు విన్నవించుకొనునది ఏమనగా. అక్కడికి వచ్చి వేళ్లు ఆగాయి.

"ఆ తర్వాత?" అన్నాను.

"గంతేనక్కా. గాడికచ్చి ఆగేది. మల్ల మొదటికెల్లి."

"అంచు?"

"అంచు దాక రానే రాలే."

అమ్మ అతని వేళ్ల మీంచి చూపు తిప్పి నా ముఖంలోకి చూస్తోంది, నేనైనా చదివి చెబుతానని. తువ్వాల మీద ఆగిన ఆ వేళ్లు కొంచెం పైకి లేచి, మళ్లీ "ఆర్యా" దగ్గరికి వెళ్లాయి.